విడిభాగాల పట్టిక

ఆటోనగర్ నాలుగో రోడ్డులో
మా కొట్టు మొత్తానికీ గ్రీజు అంటని గోడ ఒక్కటే,
నా కంప్యూటరు వెనకది.
శేషగిరిగారు రెండు గళ్ళు గీయమన్నారు:
ఎడమ పక్క మన మాట,
కుడి పక్క కేటలాగు మాట.
"మొన్నటి తప్పు మళ్ళీ జరక్కూడదు."

మొన్నటి తప్పు నాదే.
నందిగామ డాక్టరుగారి కారుకి డిక్కీ తాళం కావాలి.
డిక్కీని ఇంగ్లీషులో బూట్ అంటారని
కాలేజీలో ఎవరో చెప్పిన గుర్తు.
బూట్ అని కొట్టాను, కారు పేరు కొట్టాను, డబ్బు కట్టాను.
పదకొండు రోజులకి పార్శిల్లో
ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు తొడుగు,
ఏనుగుపిల్ల తొండం కోసి పంపినట్టు.
"ఇరుసుకి తొడిగే మేజోడమ్మాయ్ ఇది,"
అన్నాడు మస్తాన్‌వలి మేస్త్రీ, నవ్వాపుకుంటూ.
డాక్టరుగారు ఆ నెలంతా
డిక్కీకి నవారు ముక్క కట్టుకుని తిరిగారు.

అప్పట్నుంచీ రాస్తున్నాను.
బానెట్‌కి ఎదురుగా హుడ్.
మడ్‌గార్డ్‌కి ఎదురుగా ఫెండర్.
పానాకి స్పానర్ అని రాసి, కొట్టేసి, రెంచ్ అని రాసి,
చివరికి రెండూ ఉంచాను:
ఒకటి లండన్ వాడికి, ఒకటి షికాగో వాడికి.
టైరుకి ఆ ఇద్దరూ స్పెల్లింగు మీద కొట్టుకుంటున్నారు.
పంక్చర్ల సుభానీ బోర్డు మీద
రెండూ కాని మూడోది ఉంది,
గాలి మాత్రం సరిగ్గా కొడతాడు.

సైలెన్సర్‌ని అక్కడ మఫ్లర్ అంటారట.
మఫ్లర్ అంటే మా తాతయ్య
ధనుర్మాసం తెల్లారుజామున పాలకి వెళ్తూ
చెవులకి చుట్టుకునే ఉన్నిగుడ్డ.
లారీ గొంతుకి కూడా చలేస్తుందన్నమాట.

పెట్రోలుని గ్యాస్ అంటారని చదివితే
ఏసుపాదం పానా కింద పెట్టి మరీ అడిగాడు,
"గ్యాస్ అయిపోతే బండి ఆగుద్దా?
మా అమ్మకి గ్యాస్ అయితే వాము నమిలిద్ది."

డిక్కీ పక్కన ఆఖరికి ట్రంక్ అని పడింది.
ట్రంకంటే నాకు
ఆకుపచ్చ రేకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నా పేరు,
హాస్టల్ మంచం కింద.
లోపల చేగోడీల డబ్బా,
ఎవరికీ చూపించని ఒక ఉత్తరం.
అంత పెట్టెని కారు వెనక ఎట్లా అతికించారో.

స్టెప్నీకి స్పేర్ అని రాయాలి. రాశాను.
స్పేర్ అంటే మిగిలింది. స్టెప్నీ అంటే ఆదుకునేది.
హనుమాన్ జంక్షన్ దాటాక, అర్ధరాత్రి, వానలో
రెండూ ఒకటేనని ఎవరినన్నా అనమనండి.

సెల్ఫ్ దగ్గర ఆగిపోయాను.
కేటలాగు స్టార్టర్ మోటర్ అంటోంది.
నిఘంటువు తీస్తే సెల్ఫంటే తాను, స్వయం, ఆత్మ.
మేస్త్రీని అడిగాను.
అరవై ఏడేళ్ళు, అక్షరం ముక్క రాదు,
బానెట్ మీద చెవి పెడితే
ఏ పళ్ళచక్రంలో ఏ పన్ను అరిగిందో చెబుతాడు.
"సెల్ఫంటే సెల్ఫే.
తాళం తిప్పంగానే ముందు మేలుకునేది.
అది మేలుకుని ఇంజన్ని లేపుద్ది.
లేపి, పక్కకి తప్పుకుంటది."

గడిలో అంత చోటు లేదు.

సోమవారం ఆయన రాలేదు. ఫోన్ చేస్తే
"ఇయ్యాళ సెల్ఫ్ అందుకోవట్లేదమ్మాయ్,
బ్యాటరీ బానే ఉంది," అని నవ్వబోయి దగ్గాడు.
"ఏసుపాదాన్ని పంపు, కాస్త తోస్తే కదుల్తా."
వాడు పటమట దాకా బైకు మీద వెళ్ళాడు.
పన్నెండింటికి ఇద్దరూ దిగారు,
మేస్త్రీ చేతిలో టీ ఫ్లాస్కు,
దిగీ దిగగానే ఎవరి లారీయో చూసి
"ఆపు, దాని దగ్గు వేరే ఉంది," అంటూ.

నలభై మూడో వరస.
ఎడమ గడిలో సెల్ఫ్.
కుడి గడిలో కర్సర్ మిణుకుమంటోంది.
పట్టిక అయిందా అని శేషగిరిగారు అడిగితే
సర్వర్ డౌన్ అండీ, అన్నాను.
ఆ ముక్క మాత్రం
ఏ దేశంలోనైనా ఒకటేనట.