నీళ్ల లెక్క

వల్పరాయిసో అంటే నలభై కొండలు,
ఒక్కో కొండకీ ఒక్కో పొగరు.
నాకు మాత్రం అన్నీ ఇనుప మూతలే.
మూత ఎత్తాలి, సాలీడుని పక్కకి జరగమనాలి,
చెమ్మ పట్టిన గాజుని బొటనవేలితో తుడిచి
అంకె చదవాలి.
పందొమ్మిదేళ్లుగా ఈ ఊరిని నేను వంగే చూస్తున్నాను.

పొద్దున్నే రేవు పేట.
ఇక్కడ నేల అసలు నేల కాదు,
సముద్రాన్ని పూడ్చి వీధులు పరిచారు.
అందుకేనేమో మీటరు గుంటల్లో ఉప్పు వాసన,
బాకీ అడగడానికి వచ్చి
గుమ్మంలోనే నిలబడిపోయిన మనిషిలా.
బారుల్లో కుర్చీలు బల్లలెక్కి
తలకిందులుగా నిద్రపోతుంటాయి.
రాత్రి కడిగిన గ్లాసులన్నీ నా పుస్తకంలోకి వస్తాయి:
అరవై రెండు యూనిట్లు.
పక్కన నావికుల అద్దెగది: సున్నా.
పోయిన నెలా సున్నా.
కిటికీలో చొక్కా మాత్రం ఆరుతూనే ఉంది,
ఎప్పుడు తడిపారో.

తొమ్మిదికి నిబాల్దో బండి.
పట్టాల మీద కొండెక్కే చెక్కపెట్టె.
ఒకటి ఎక్కితే ఒకటి దిగుతుంది, రెండింటికీ ఒకటే తాడు.
"ఎదీలియా, బరువెక్కావు" అంటాడు రోజూ.
టికెట్టు మాత్రం కొట్టడు.

కన్సెప్సియోన్ కొండ మీద
ఓడలకి వెయ్యగా మిగిలిన రంగులు ఇళ్లకి వేసేవారట.
ఇప్పుడు రంగుల కోసమే ఇళ్లు.
ప్రతి గుమ్మం ముందూ ఎవరో ఫోటో దిగుతూ
"కాస్త జరుగుతారా" అని నన్నే అడుగుతారు.
మీటరు మూత మీద పూలకుండీ పెట్టడం ఈ కొండకి అలవాటు.
కుండీ జరిపితే నూట నాలుగు.
రెండు రాత్రులకి వచ్చినవాళ్ల స్నానాలు
తీరం కన్నా పొడుగు.

లోయ దాటితే కోర్దియేరా కొండ.
మెట్లు ఎన్నని నన్నడక్కండి, మోకాళ్లనడగండి.
ఒతీలియా నా అడుగుల చప్పుడుకే తలుపు తీసి
"ఎనిమిది వచ్చుండాలి" అంటుంది.
ఎనిమిదే వస్తుంది.
గిన్నెలు కడిగిన నీళ్లు జెరేనియం మొక్కలకి,
మొక్కలు వద్దన్నవి మెట్లకి,
మెట్లు వద్దన్నవి కిందింటి కుక్కకి.
ఒక్క నెల తొమ్మిదొచ్చింది.
వాళ్ల చెల్లెలు వచ్చి వారం పోట్లాడి వెళ్లిందట.

కొండల నడుముకి చుట్టుకున్న పెద్దవీధి దగ్గర
నా పుస్తకంలో పేజీలు అయిపోతాయి.
అయినా ఎక్కుతాను.
పైన గాలి బావుంటుందని సూపర్‌వైజరుకి చెబుతాను.

పైన, రెండు వేసవుల కింద కాలిన యూకలిప్టస్ మోళ్లు.
వాటి మధ్య పచ్చి చెక్క, తళతళలాడే రేకు.
మంగళవారం ట్యాంకరు, శుక్రవారం ట్యాంకరు.
ఇక్కణ్ణుంచి సముద్రం మొత్తం కనిపిస్తుంది.
కింద అంత డబ్బు పోసి కొనుక్కున్నవాళ్లకి సగమే.
కళ్లనిండా నీళ్లు.
డ్రమ్ములో అడుగున నీళ్లు.

యాస్నాకి ఏడేళ్లుంటాయి.
నీలం డ్రమ్ము మీద సుద్దతో గీతలు గీసుకుంది.
"మాదీ చదవండి" అంది.
వంగాను.
వంగక్కర్లేదు, డ్రమ్ము నా ఛాతీ దాకా ఉంది.
అలవాటు.
"నాలుగు."
"ఎక్కువా, తక్కువా?"
పందొమ్మిదేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న.
అందరూ బిల్లెంత అనే అడిగారు.
"శుక్రవారం దాకా వస్తాయి" అన్నాను.
వస్తాయో రావో.

పిల్ల ఒక గ్లాసు ముంచి ఇచ్చింది.
తాగొచ్చా కూడదా అని ఆలోచించేలోగా
తాగేశాను.
తను నాలుగో గీతని మోచేత్తో చెరిపి
వెంట్రుకవాసి కిందికి దించి గీసింది.
నాలుక పళ్ల మధ్య బిగించి, చాలా జాగ్రత్తగా.

దిగేటప్పుడు నిబాల్దో బరువు మాట ఎత్తలేదు.
పెట్టె కదిలింది.
ఎదురుగా పైకెళ్లే పెట్టెలో
ఎవరిదో రొట్టెల సంచీ, ఎవరిదీ కాని కుక్క.
పుస్తకం చివర, చిరునామా లేని వరసలో,
"నాలుగుకి ఒక గ్లాసు తక్కువ" అని రాసి
యూనిట్లు అన్న గడిలో ఏం పెట్టాలో తెలియక
పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాను.