సున్నా కోసం

ముందుగాల సీటు ఇప్పిన.
నాలుగు బోల్టులు, తుప్పు వట్టిన ఒక క్లాంపు.
దాన్ని అర్ర మూలకు ఆనించంగనే
అమ్మ అడిగింది: "మరి ఏడ కూసుంటవే?"
కూసునే బండి కాదమ్మా ఇది.

శివనగర్ల ఓదెలు లేత్ మిషన్ ముంగట
రెండు శనివారాలు నిలవడ్డ.
ఎనుక చక్రానికి యాభై రెండు పండ్లు కావాలె,
ముందటికి పదకొండు చాలన్న.
కండ్లద్దాలు నెత్తి మీదికి జరుపుకున్నడు.
"గింత పెద్దదా శ్యామలా? బండి ఉరకది,
ముసలెద్దు తీర్గ నడుస్తది."
నాకు ఉరుకుడు వద్దు ఓదెలన్నా,
మడికొండ గుట్ట మీద
నడుమెత్తు బండ అంచున
ఊపిరి వట్టుకొని ఆగుడు గావాలె.
ఆయన మల్ల మాట్లాడలే.
ఇనుప పలక మీద సుద్దతోని గుండ్రం గీసి
నడిమిట్ల ఒక చుక్క వెట్టిండు.

టైరు కాడ మోసపోయిన.
అగ్గువకొచ్చిందని, కొత్త వాసన కొడుతుందని
కరీంనగర్ నుంచి బస్సు మీదేసుకొని తెచ్చిన.
తడి బండెక్కంగనే గాజుగిన్నె లెక్క జారింది.
గోరుతోని గిచ్చి చూడాలె,
గాటు వడితెనే మనదని
మోచేయి దోక్కపొయ్యినంక తెలిసింది.

రెండో టైరు మెత్తటిదే దొరికింది,
గాలి కాడ పంచాయితి.
పంచర్ల యాకూబ్ ముప్పై కొడ్తనంటడు,
నాలుగు చాలని నేను.
"నాలుగుంటే దాన్నే పంచరంటరమ్మా!
అట్లున్నోళ్ళే నా కాడికి వస్తరు."
మీటరు అద్దాన్ని గోరుతోని టకటక కొట్టిండు,
దాని ముల్లు కిందెక్కడనో వణుకుతాంది.
పైసలు మాత్రం తీసుకోలే,
గాలి తీసినందుకు ఎట్ల తీసుకుంటనన్నడు.

క్లచ్ ప్లేట్లు రాత్రి నూనెల నానవెట్టిన.
పక్క గిన్నెల అమ్మ నానవోసిన బొబ్బెర్లు.
తెల్లారి మూత జూసి తియ్యమని
రెండుసార్లు చెప్పి పన్న.
ఫిల్టర్ స్పాంజిని గ్యాసునూనెల కడిగి,
ఆరవెట్టి, ఆయిలు తాపి, పిండి,
చెంచా కాడతోని పుల్లలన్నిటిని మీటుకుంట పోయిన.
ముప్పై ఆరింట్ల ఒకటి మొద్దుగ పలికింది,
జలుబు చేసిన పోరని లెక్క.
దాన్ని సగం తిప్పుడు బిగిచ్చిన,
పక్కది అలిగింది.
గంట సేపు ఆ ఇద్దరి నడుమ
పెద్దమనిషి తనం చేసిన.

క్లచ్ లివర్లు మూడు ఇరిగినయి.
మూడోది ఇరిగిన నాడు
కాజీపేట లోకోషెడ్డుల ముప్పై ఏండ్లు రెంచి వట్టిన
సర్వర్ మామ గోడ మీది నుంచి తొంగి చూసిండు.
"గింత గట్టిగ ఎవ్వలు బిగిచ్చిండ్రు?"
నేనే, బలమున్న కాడికి.
ఆయన గోడ దిగి వచ్చి
పాత సైకిల్ ట్యూబు ముక్కొకటి కోసి
క్లాంపు కింద సుట్టిండు,
బోల్టును వేలితోని నడిచేంత వరకే తిప్పిండు.
"పడ్డప్పుడు తిరుగనియ్యి.
మల్ల నువ్వే సక్కగ జరుపుకో."
నాలుగో లివరు నాలుగు నెల్లాయె,
గీతలు వడ్డది గని, ఉన్నది.

ఆదివారం గుట్ట మీద
తమ్ముడు నరేందర్ సున్నంతోని దారి గీస్తడు.
కాలు నేలకు తాకితే ఒకటి,
బండి పడితే ఐదు.
"సున్నా కోసం గింత కష్టపడేటోళ్ళను
మా క్లాసుల ఎన్నడు జూడలే" అంటడు,
అయినా ఒక్కటి గుడ ఇడిచిపెట్టడు, రాస్తడు.
పోయిన నెల పదహారు.
ఇయ్యాల ఏడు.
రెండు బండల సందుల ఒక్కతాన
చక్రం రాయిని పట్టుకున్నది,
వేలి కింద క్లచ్ పాలమీగడ లెక్క జారింది,
నా కాళ్ళు నన్ను మర్సిపోయినయి.
అంతల్నే చైను ఒక్క చప్పుడు జేసింది,
ఎడమకాలు బెదిరి నేలకు దిగింది.

ఇంటికొచ్చి కొలిచిన. చైను సాగింది,
స్కేలు మీద నూలుపోగంత.
మల్ల శనివారం ఓదెలు కాడికి పోవాలె.

అర్ర ముంగట నీడల
ఆ సీటు మీదనే కూసోని అమ్మ
చాటల బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతాంది.
తల ఎత్తలే.
"సున్నా వచ్చిందానే?"