సొంతవాక్యం

గుంజూరు దాటాక, ఇరవైరెండు అంతస్తులు లేస్తున్న చోట
నీలం రేకుల షెడ్ల వెనక మా బడి.
ప్లైవుడ్ చెక్కకి నల్లరంగు పూస్తే బోర్డు,
సిమెంటు బస్తా విప్పి పరిస్తే చాప.

ఆ రోజు మాట డేంజరస్.
సొంతవాక్యంలో రాయాలి.
పుస్తకంలో ఉదాహరణ: పులి డేంజరస్.
పక్కనే బొమ్మ, ఎవరో చక్కిలిగిలి పెట్టినట్టున్న పులి.
పులిని ఎవరు చూశారు?
మద్దిలేటి ఒక్కడే చూశాడు,
బిస్కెట్ల పొట్లం మీద.

అర్థం చెప్పాలి కదా.
"ప్రమాదకరమైన" అన్నాను.
పదకొండు మొహాలు, కరెంటు పోయిన గదుల్లా
నన్నే చూశాయి.
ఇంగ్లీషు కంటే ఆ తెలుగే కష్టంగా ఉంది.
ఆలూరు నుంచీ ఆదోని నుంచీ వచ్చిన మూటల్లో
చాట ఉంది, రోకలి ఉంది, దేవుడి పటం ఉంది,
ఆ మాట లేదు.

నాకు మాత్రం ఎక్కడిది?
బెంగళూరులోనే పుట్టాను, శివాజీనగర సందులో.
మా అవ్వ కిరసనాయిలు స్టవ్వు దగ్గర "ఒద్దు" అనేది,
రోడ్డు దాటబోతే "పైలం" అనేది,
ఆ మాట నోట్లో ఉండగానే
నా రెక్క ఆమె చేతిలో ఉండేది.
విశేషణం పెట్టేంత వ్యవధి
ఎప్పుడూ ఉండేది కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ మీద పుర్రె బొమ్మ, దాని కింద రాసుంటుందే, అది, అన్నాను.
"అపాయ!" అని అరిచారు కన్నడంలో.
ఇక వాక్యాలు మొదలయ్యాయి.

వాన డేంజరస్.
ట్యాంకర్ రివర్స్ వస్తే డేంజరస్,
ఇది సగం వాక్యమే, అయినా టిక్కు పెట్టాను.
బజారి పలక చూపించాడు:
శనివారం డేంజరస్.
వారాలకి ఆ మాట వాడకూడదు నాయనా అనబోయాను.
శనివారం బట్వాడా.
వాళ్ల తలుపు రేకు మీద సొట్టలు
నేనూ చూశాను, లెక్కపెట్టలేదు.
టిక్కు పెట్టాను.

హులిగెమ్మ చివర్న లేచింది. తొమ్మిదేళ్లు.
చంకలో తమ్ముడు, తమ్ముడి నోట్లో నా సుద్దముక్క.
"మాయమ్మ డేంజరస్."

అందరూ నవ్వారు.
అట్లా అనకూడదమ్మా, అన్నాను,
పాముకి వాడతారు, కరెంటుకి వాడతారు, అమ్మకి కాదు.
"నేను అనలే మిస్, మేస్త్రీ అన్యాడు.
ఏడో అంతస్తుకాడ సారవ ఇరిగుండె.
మాయమ్మ ఎక్కనన్యాది. ఇంకెవుర్నీ ఎక్కనీలే.
తట్ట బోర్లేసి దాని మింద కూకున్యాది
పొద్దు మునిగేదాకా.
మేస్త్రీ ఫోన్ల ఇంజనీరు సారుకి సెప్తాండె,
ఈ ఆడమనిషి శానా డేంజరస్ అని."

ఎవరూ నవ్వలేదు ఈసారి.
తమ్ముడి నోట్లోంచి సుద్దముక్క తీశాను,
చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి.
వాక్యాన్ని మళ్లీ చదివాను, రెండుసార్లు.
"ఈజ్ మర్చిపోయావు" అన్నాను.
దొరికిన తప్పు అదొక్కటే.

సాయంత్రం ఆమె వచ్చింది పిల్లల్ని తీసుకుపోను.
నేననుకున్నదాని కంటే పొట్టి మనిషి.
పాపిట్లో సిమెంటు, మోచేతి దాకా మగవాళ్ల చొక్కా.
"ఏం నేర్సినారు ఈపొద్దు?"
హులిగెమ్మ పలక ఎత్తి, ఈజ్ దగ్గర గట్టిగా నొక్కి
మొత్తం చదివింది.
"అంటే?" అని ఆమె నన్నడిగింది.

ఇరవైరెండు అంతస్తుల మీద లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి.
ఏడోదాని దగ్గర విరిగిన వెదురు ఇంకా వేలాడుతోంది,
దాని కింద మేస్త్రీ, ఫోన్లో, ఇటే చూస్తూ.
వార్తల్లో వినే ఆ పెద్ద మాట నోటిదాకా వచ్చి ఆగింది.

"పైలం" అన్నాను.

ఆమె కొంచెంసేపు నన్ను చూసింది,
నేను చెప్పింది అర్థమో
ఇంకేదైనానో తేల్చుకుంటున్నట్టు.
"తెల్సులే మిస్" అంది.
పిల్లాణ్ణి చంక మార్చుకుంది.
వాడి పెదాల మీద సుద్ద
కొంగుతో తుడిచింది.