ఆరితేరినవాడు

మ్యూనిక్ శివారు, హార్. మూడో అంతస్తు.
బల్ల మీద ఒక తలుపు పిడి,
నిలువునా కోసి, నల్లటి జిగురు బిళ్ళలో పొదిగి
అద్దంలా నున్నగా అరగదీసి పెట్టారు.
ఇత్తడి మీద నికెల్,
దాని మీద పల్లాడియం కలిసిన నికెల్,
దాని మీద క్రోమియం, ఆపైన జిర్కోనియం నైట్రైడ్.
పేరులో ఎక్కడా బంగారం లేదు, రంగంతా బంగారమే.
పొరలన్నీ కలిపినా వెంట్రుక మందం లేవు.
వాటి కోసం ఆరుగురు లాయర్లు.

నేను పేటెంట్ చెల్లదన్న కంపెనీ వైపు కూర్చున్నాను.
ఎదురుగా వాల్ట్రౌట్ ప్లూకర్,
ఫెల్బర్ట్‌లో నాకు పని నేర్పిన మనిషి.
పంతొమ్మిదేళ్ళప్పుడు నాతో ఆమె అన్న మొదటి మాట:
"టిల్మన్, పూత అంటే దాచడం కాదు, కాయడం."

మా లాయరు రెండు కాగితాలు పైకెత్తాడు.
ఒకటి కుళాయిలది:
పల్లాడియం పొర ఉంటే చిలుము పట్టదంటుంది.
ఇంకొకటి గడియారాలది:
జిర్కోనియం నైట్రైడ్ గీత పడదు, రంగు పోదంటుంది.
"మధ్యలో క్రోమియమా? అది తాతల నాటిది.
ఇవి పక్కపక్కన పెట్టుకున్నాక
ఈ రంగంలో ఆరితేరినవాడికి ఇంకేం మిగిలింది,
ఒకదాని మీద ఒకటి వేయడం తప్ప?"

ఆ ఆరితేరినవాడు చట్టంలోనే పుట్టాడు.
అచ్చయిన ప్రతి ముక్కా చదివాడు,
అన్ని భాషల్లో, అడుగున చిన్నక్షరాలతో సహా.
వాడికి ఆవలింత రాదు.
శుక్రవారం సాయంత్రం తొట్టి కడగమని వాడికెవరూ చెప్పరు.
యాసిడ్ చుక్క పడి వాడి చొక్కా చిల్లు పడదు.
ఎన్నడూ పొరబడలేదు
ఎందుకంటే ఎన్నడూ ఏమీ చేయలేదు.

ఆ రెండు కాగితాలూ మేమూ చదివాం.
చదివింది చదివినట్టే వేశాం.
ఉప్పునీటి ఆవిరి పెట్టెలో నలభై గంటలకే
పిడి నిండా పొక్కులు,
ఆటలమ్మ పోసిన పిల్లాడి వీపులా.
గోటితో గీకితే పసుపు పెచ్చులు లేచొచ్చాయి.
పైన పటారం, లోన లొటారం.
అది బుధవారం రాత్రి. బయట మంచు.
దీపం కింద పొక్కులు లెక్కపెట్టింది నేనే,
నోటుపుస్తకంలో 'పోయింది' అని రాసింది నేనే.
అలాంటి బుధవారాలు పద్నాలుగు నెలలు సాగాయి.
క్రోమియం ఎంత పలచనుండాలో,
వేశాక ఎంతసేపు ఏ నీళ్ళలో కడగాలో
ఆమె చేతులకి ముందు తెలిసింది, కాగితానికి తర్వాత.

ఫ్యాక్టరీ మూసేసినప్పుడు ఆ నోటుపుస్తకం
పాత ఇనుముతో పాటు లారీ ఎక్కింది.
ఓడిపోయిన పిడుల సంగతి ఎవరూ అచ్చు వేయరు.
అచ్చు కానిది వాడు చదవడు.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి నా వైపు తిరిగింది.
"ఫోస్ గారూ, మీరు ఈ పనిలో ఉన్నవారు.
ఆనాటి నిపుణుడికి ఇది తట్టేదేనా?"

గొంతులో నికెల్ రుచి.
మా లాయరు కలం ఆగింది.
"కాగితాల ప్రకారం" అన్నాను,
"తట్టేదే."

అబద్ధం కాదు.
పూత ఎలా వేయాలో ఆమే నేర్పింది నాకు.

మధ్యాహ్నం మూడున్నరకి పేటెంట్ రద్దయింది.
వాళ్ళు కరచాలనాలు చేసుకున్నారు, ట్యాక్సీలు వచ్చాయి.
కోసిన పిడిని ఆమె చేతిరుమాల్లో చుట్టుకుని
లిఫ్టు దగ్గర నిలబడింది. నేనూ నిలబడ్డాను.
వేరే దారి లేదు కిందికి.

"ఆ బుధవారం ఎన్ని?" అంది, తలుపు వైపే చూస్తూ.
"అరవై రెండు" అన్నాను.
తడుముకోలేదు.

"అరవై మూడు.
పిడి వెనక ఇంకొకటి ఉంది.
నువ్వెప్పుడూ వెనక్కి తిప్పి చూడవు."