పావు నిమిషం

ఇల్లు, ఏడు మేకలు, డొక్కు పికప్ బండి,
బ్యాంకులో పదకొండు వందల రియాళ్లు:
ఖల్ఫాన్ వదిలిపోయిన వాటి సంగతి
నిజ్వా కోర్టు గుమాస్తాలే చూసుకున్నారు.
నీళ్లు మాత్రం నా దగ్గరికొచ్చాయి.

మా ఊళ్లో నేల ఉన్నంత మాత్రాన ఆసామి కాడు.
కొండ కడుపు తొలిచి తెచ్చిన కాలువలో,
మేం ఫలజ్ అంటాం దాన్ని,
వంతుండాలి.
మా తాత ఆ వంతుల్ని చుక్కలతో కొలిచేవాడు.
నాకు చేతి గడియారం ఉంది,
చుక్కలంత నమ్మకం లేదు దానిమీద.

ఖల్ఫాన్‌వి నాలుగు అథర్లు. అథరంటే అరగంట.
ఎనిమిది రోజులకోసారి,
రాత్రి రెండింటి నుంచి నాలుగింటి దాకా.

చచ్చినవాడి అప్పు ముందు తీర్చాలి, ఆ తర్వాతే పంపకం.
పుస్తకం మొత్తం తిరగేశాను.
కాలువ బొటనవేలంత సన్నబడ్డ ఏడాది కూడా
ఎవరికీ చెంబెడు బాకీ లేడు.

భార్య జువైనాకు ఎనిమిదో వంతు, పదిహేను నిమిషాలు.
మిగిలిన నూట అయిదులో
కొడుకు హమూద్‌కి యాభై రెండున్నర,
కూతుళ్లు రయ్యాకీ నస్రాకీ చెరి ఇరవయ్యారుంబావు.

"పావు నిమిషానికి ఎన్ని నీళ్లొస్తాయి మామా?"
రయ్యా నవ్వింది. మూడు వారాల్లో మొదటిసారనుకుంటాను.
నేను నవ్వలేదు.
పుస్తకంలో లేనిది ఒకటి నా గొంతులో ఉంది.

గోడ అవతల చూపులేని షమ్సాకి ఒక నిమ్మచెట్టుంది.
పదకొండేళ్లుగా, నాలుగు కొట్టడానికి పది నిమిషాలుందనగా,
ఖల్ఫాన్ గోడ కింద రాయి తప్పించేవాడు.
నేను లాంతరు పక్కన కునుకు నటించేవాణ్ని.
"రాయకు" అన్నాడొకసారి. అంతే. ఇంకో మాట లేదు.

రాయనిదాన్ని వీలునామా అనడానికి ఇద్దరు సాక్షులు కావాలి.
ఒకణ్ని నేను.
రెండో సాక్షి నిమ్మచెట్టు.
కోర్టులో దాని వేలిముద్ర చెల్లదు.

అయినా చెప్పేశాను.
చిల్లర మొత్తం కలిపితే సరిగ్గా ఒక నిమిషం అవుతుంది,
దాన్ని గోడ అవతలికి వదిలేద్దామా అని.
అడుగుతుంటే నాకే సిగ్గేసింది,
పది ఇచ్చినవాడి పేరుమీద ఒకటి అడుగుతున్నానని.

చెల్లెలు నస్రా వెంటనే తలూపింది.
రయ్యా ఆమెను చూసి ఊపింది.
హమూద్ మాత్రం కాగితం మీంచి కళ్లెత్తలేదు.
"నా అర నాకే రాయండి" అన్నాడు.
"ఖర్జూరాలు ఎండుతున్నాయి. పిల్లలున్నారు."
తప్పేముంది? హక్కు వాడిది.
రాశాను. యాభై రెండున్నర.
కలం ఆ 'న్నర' దగ్గర కొంచెం గట్టిగా నొక్కాననుకుంటాను,
వెనక పేజీలో అచ్చు పడింది.

షమ్సాకి మిగిలింది అర నిమిషం.

కొత్త లెక్కలో మొదటి రాత్రి.
తల్లి వంతు అయింది, అక్కచెల్లెళ్లవి అయ్యాయి,
ఆ అర నిమిషం గోడ కింద నుంచి
ఎవరో దగ్గినట్టు వెళ్లి ఆగిపోయింది.
తర్వాత హమూద్ నీళ్లు.
పారతో మళ్లు సరిచేస్తూ, నాతో మాట్లాడకుండా,
పాదు పాదుకీ వంగి చూసుకుంటూ తిరిగాడు.
నాలుగు కావస్తుంటే గోడ దగ్గర ఆగాడు.
అచ్చం తండ్రి నిలబడ్డ చోటే.
వాడికెవరు చెప్పారో నాకు తెలీదు.
కాలితో రాయిని తోశాడు,
తగిలిందనుకోవచ్చు చూసేవాళ్లు,
తోసి, బీడీ కోసం జేబులు వెతుక్కున్నాడు.
చాలాసేపు వెతుక్కున్నాడు.
వాడికి బీడీ అలవాటు లేదు.

అవతల చీకట్లో
మంచం కిర్రుమంది.
షమ్సా లేచి కూర్చుని వింటోంది.

నేను గడియారం చూడలేదు.
తెల్లారి పుస్తకంలో రాశాను:
"హమూద్ బిన్ ఖల్ఫాన్. యాభై రెండున్నర.
సొంత మళ్లకే పారింది."
ముప్పయ్యేళ్లలో
తెలిసి రాసిన మొదటి అబద్ధం.
దస్తూరీ మాత్రం బాగా కుదిరింది.