కౌంటు

ఇస్కపల్లి రొయ్యల షెడ్డులో
ఐసునీళ్లకి ఉబ్బిన వేళ్లు నావి.
రాత్రి మా మస్తానుగాడు
వాడి ఆట నా చేతిలో పెట్టాడు:
"నరుకత్తా, ఊరికే నరుకు!"

జపానంట. రాజుకో జెండా, జెండాకో మంద.
మీట నొక్కితే కత్తి తిరిగింది,
తలలు రాలాయి. నాకిది కొత్తా?
తెర మూలన లెక్క పరిగెత్తతా ఉండాది.
మా మేస్త్రీ కూడా ఇట్టే రాస్తాడు,
కిలోకి ముప్పై కౌంటు, యాభై కౌంటు.
పేర్లు రాయడు.

తొమ్మిదొందల తొంభైతొమ్మిది.

గడ్డిటోపీ వాడొకడు
బల్లెం పారేసి
బురదలో వెనక్కి వెనక్కి పోతుండాడు.
కాళ్లకి చెప్పుల్లేవు.

"ఇంకొక్కడే అత్తా, వెయ్యి!"

నా బొటనవేలు
ఐసులో పెట్టినట్టు బిగిసింది.
వాడు వెదుళ్లల్లోకి పొయ్యిందాకా
కదల్లేదు.