సుద్దముక్క బండి

రెండింటి ధరకీ తేడా పద్దెనిమిది వేలు.
పొడుగుకి తేడా మూరన్నర.

గాజువాక షోరూములో కుర్రాడు
రెండు కాగితాలూ పక్కపక్కన పరిచి
"పెద్దదాంట్లో ఏడుగురు పడతారు సార్,
చిన్నదాంట్లో అన్నీ ఉంటాయి సార్" అన్నాడు.
అన్నీ అంటే ఏవి బాబూ అంటే
నెత్తిమీద కిటికీ తెరిచి ఆకాశం చూపించాడు.
మా మేడ మీద అది ఊరికే వస్తుంది.
అయినా తలెత్తి చూశాను.

నేను హార్బర్లో టగ్గు సారంగుని.
రెండువందల ముప్పై మీటర్ల ఓడని
డాల్ఫిన్స్ నోస్ కొండ కిందుగా
భుజం ఆన్చి, బుజ్జగించి,
బెర్తు పక్కన పడుకోబెట్టేవాణ్ణి.
ఇరవై రెండేళ్లలో ఒక్క గీత పడనివ్వలేదు.
ఆ లెక్కన నాకు పెద్దదే రావాలి.
ఇంట్లో అలాగే అన్నాను.

పెద్దదాన్ని సింహాచలం ఘాటు ఎక్కించాను.
హనుమంతవాక దగ్గర ఆటోలు పక్కకి జరిగాయి,
ఇన్నాళ్లూ నేనిచ్చిన దారంతా
వడ్డీతో తిరిగొచ్చినట్టు.
చిన్నది పూర్ణామార్కెట్ సందుల్లో
చేపపిల్లలా దూరి బయటికొచ్చింది.
ఎవరూ చూడలేదు.

హైమావతి బట్టలు కుడుతుంది,
మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది.
"ఒంటికి బట్ట కొలుస్తారు గానీ
బట్టకి ఒళ్లు పెంచుకుంటారా?" అంది.
వేళ్లు మడిచింది:
"నువ్వు, నేను, పిల్ల, మా అమ్మ.
అయిదు, మా అమ్మ మోకాళ్ల నొప్పి.
ఖాళీ సీట్లక్కూడా కిస్తీ కడతామా?
ఏడో సీట్లో ఎవరు?"

నేను చెప్పలేదు.
భీమిలి పెళ్లికని జీపు కట్టినప్పుడు
చోటు చాలక ఒకణ్ణి దింపారు,
తొమ్మిదేళ్ల వాణ్ణి, కొత్త చొక్కాతో.
జగదాంబ దాకా వెనకే పరిగెత్తాడు.
ఏడో సీటు వాడిది.
ముప్పై ఎనిమిదేళ్లుగా వాడికి దుమ్ము ఇంకా దులపలేదు.

రాత్రి పది దాటాక, జ్ఞానాపురం మా సందులో
హైమ టేపు పట్టింది, దామిని సుద్దముక్క పట్టింది.
ముందు పెద్దది గీశాం. దాని పొట్టలో చిన్నది.
వీధి దీపం కింద రెండు బళ్లూ
ఒకే మూతితో మా మెట్టుని వాసన చూస్తున్నాయి.
పిల్ల చిన్నదానికి వైపర్లు కూడా వేసింది.

పొద్దున్న నేను పళ్లు తోముకుంటూ బయటికొచ్చేసరికి
చిన్నదాంట్లో మా స్కూటరు, దాని నీడలో పిల్లి.
పెద్దదాని వెనక సీట్లో
పోలమ్మ తట్ట దించుకుని కూచునుంది,
కవ్వళ్లు మీద తడిగుడ్డ కప్పి,
రోజూ కూచునే చోటే.

"ఈ గీతలేటి బాబూ? ముగ్గులా?"
"కారు."
"ఎవులిది?"
"మాదే. ఇంకా కొనలేదు."
ఆవిడ గీతని చూసింది, తట్టని చూసింది.
ఒక చేత్తో నేల ఆనుకుని
మోకాళ్లు కూడదీసుకుని
తట్టని గీత అవతలికి లాక్కుంది, కాలువ అంచుకి.
"నానిలా జరుగుతాన్లే," అంది.

నోట్లో నురగ అలాగే ఉండిపోయింది.
ఆ మాట నాకు తెలుసు.
ఆ జీపు దిగుతూ నేనూ అదే అన్నాను.

చిన్నదే బుక్ చేశాం. నీలం రంగు.
కుర్రాడు సంతోషించలేదు, బాధపడలేదు,
నకలు కాగితాలు అడిగాడు.
ఉప్పుగాలికి ఆ ఆకాశం కిటికీ రబ్బరు
రెండేళ్లకి పోతుందని మెకానిక్కు అన్నాడు.
పోనీ.
ఇప్పటికీ హైవే మీద పెద్దది ఎదురైతే
వెనక అద్దంలోకి చూస్తాను,
ఎవరైనా ఉన్నారేమోనని.

ఆ సాయంత్రమే వాన పట్టింది.
చిన్నదాని గీత మెట్టు నీడన కాసేపు ఆగింది.
పెద్దది కరిగి, తెల్లగా, మెల్లగా
కాలువలో పడి హార్బరు వైపు పోయింది.
దానికి టగ్గు అక్కర్లేకపోయింది.